వంటింటి పదార్థాలతో ముఖ సంరక్షణ

పసుపు, శనగపిండి, పెరుగు, తేనె, నిమ్మరసం వంటి వంటింటి పదార్థాలను ముఖానికి పూయడం భారతదేశంలో తరతరాలుగా ఉన్న అలవాటు. పండుగలకు, పెళ్ళిళ్ళకు సున్నిపిండితో నలుగు పెట్టుకోవడం తెలుగువారి ఆచారం. తినదగిన పదార్థం చర్మానికి కూడా హాని చేయదన్న నమ్మకం వ్యాప్తిలో ఉంది. అయితే ఇది అన్ని పదార్థాలకూ వర్తించదు.

చర్మపు ఆమ్లత

ఆరోగ్యవంతమైన చర్మపు పైపొర స్వల్ప ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. దీని పీహెచ్ విలువ సుమారు 5. ఈ ఆమ్లత, పైపొరలోని కొవ్వు పదార్థాలు కలిసి చర్మంలోని తేమను నిలుపుతాయి, సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. నిమ్మరసం పీహెచ్ 2 నుండి 3 వరకు ఉంటుంది. పీహెచ్‌లో ఒక అంకె తేడా పది రెట్లకు సమానం. అనగా నిమ్మరసం చర్మం కంటే కనీసం వంద రెట్లు ఆమ్లయుతం.

పదార్థాలు, ప్రమాదాలు

* నిమ్మరసం: నిమ్మజాతి కాయలలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరానోకౌమరిన్లు అనే రసాయనాలుంటాయి. ఇవి అంటిన చర్మానికి ఎండ తగిలితే ఎర్రదనం, బొబ్బలు రావచ్చు. ఇవి ఒకటి రెండు రోజుల తరువాత కనిపించడం వలన కారణం గుర్తించడం కష్టం. ఆపై ఏర్పడే నల్లమచ్చలు నెలల తరబడి ఉండవచ్చు. ఆ విధంగా మచ్చలు పోవడానికి పూసిన రసమే కొత్త మచ్చలకు కారణమవుతుంది.
* వంటసోడా: దీని ద్రావణం పీహెచ్ 8కి పైన ఉంటుంది. ఇది చర్మాన్ని పొడిబార్చి మంట కలిగిస్తుంది.
* పసుపు: కొందరికి దురద, దద్దుర్లు కలిగిస్తుంది. రంగు కోసం కల్తీ చేసే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది. ఇది చేతుల ద్వారా నోటిలోకి చేరితే పిల్లలకు ముఖ్యంగా హానికరం.
* పిండులు: బరకగా ఉన్న పిండితో గట్టిగా రుద్దితే చర్మం గీసుకుపోతుంది, మొటిమలు రేగుతాయి.

ఆహార ఎలర్జీ

చర్మం ద్వారా కూడా ఆహార ఎలర్జీ మొదలుకావచ్చు. జపాన్‌లో గోధుమ ప్రోటీన్‌ను రసాయనికంగా విడగొట్టి కలిపిన ఒక ముఖ సబ్బు వాడిన రెండువేల మందికి పైగా గోధుమ ఎలర్జీ ఏర్పడింది. వారిలో అనేకులు అంతకుముందు గోధుమలను ఇబ్బంది లేకుండా తిన్నవారే. 2011లో ఆ సబ్బును మార్కెట్ నుండి వెనక్కు తీసుకున్నారు.

జాగ్రత్తలు

* కొత్త పదార్థాన్ని ముందుగా మోచేతి లోపలి వైపు వారం రోజులు పూసి చూడాలి. నిమ్మరసం, వంటసోడాలను ముఖానికి పూయకపోవడమే మంచిది.
* తింటే ఎలర్జీ కలిగించే పదార్థాన్ని చర్మానికి పూయరాదు.
* గజ్జి, తామర, పుండ్లు, పగిలిన మొటిమలు ఉన్నచోట పూయరాదు.
* మంట కలిగితే వెంటనే నీటితో కడగాలి. వాపు, బొబ్బలు వస్తే చర్మ వైద్యుని సంప్రదించాలి. ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.