మామిడితాండ్ర

చరిత్రమనగా రాజుల జయాపజయములే యని మనము బాల్యమున నేర్చితిమి. బడులలో మేము నేటికిని అట్లే నేర్పుచున్నాము. కాని వేసవిలో పెరటి చాపపై నెండు మామిడితాండ్రకును చరిత్రము కలదు.

16వ శతాబ్దినాటి వైద్యగ్రంథకర్త భావమిశ్రుడు తన భావప్రకాశమున 'ఆమ్రావర్తము'ను వర్ణించెను. పండిన మామిడిరసమును వస్త్రముపై పరచి, యెండలో నారిన పిమ్మట మరల రసము పోసి, పలుమారు లిట్లు చేయవలెను. నేడు గోదావరితీరమున ఆత్రేయపురమునందు తాటాకుచాపలపై పొరమీద పొరగా నెండబెట్టు తాండ్ర దీని తోబుట్టువే. రసమున బెల్లమో పంచదారయో చేరుట విశేషము. ఎండ నీటిని హరించును. తీపి మిగిలిన నీటిని పట్టియుంచును. అందుచే బూజునకును సూక్ష్మజీవులకును పెరుగ తావుండదు.

ఫ్రాన్సు దేశమున నికొలా అప్పేరు ఆహారమును సీసాలలో బిగించి కాచి నిలువచేయు విధము కనుగొనగా, ప్రభుత్వము 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చెను. 1810లో నాతడు దానిని గ్రంథముగా ప్రకటించెను. ఆహార మట్లేల చెడకుండునో యాతనికి తెలియదు. పాస్టరు పరిశోధనలచే తెలియుటకు మరి యర్ధశతాబ్దము పట్టెను. మన అవ్వలకును కారణము తెలియదు, కార్యము తెలియును. అయినను అప్పేరు పేరు నిలిచినది. మన అవ్వలలో నొక్కరి పేరును నిలువలేదు. భావమిశ్రుడు సైతము రసమును వర్ణించెను గాని, దానిని పరచిన చేతులను పేర్కొనలేదు.

స్త్రీకి అక్షరము నిరాకరించిన సంఘము ఆమె యెరిగిన విద్యను గూడ పోగొట్టుకొనుచున్నది. చదువరులారా! ఈ వేసవిలో మీ యింటి ముసలమ్మను ఏ పండు, ఎంత బెల్లము, ఎన్ని యెండలు అని యడిగి వ్రాసికొనుడు. తొలిపంక్తిలో ఆమె పేరు వ్రాయుడు.