దుంగలో చీల, రంపం వెనుక రెక్క

కొవ్వూరు చరిత్ర అనగానే చదువరులకు గోష్పాద క్షేత్రమో, గీర్వాణ విద్యాపీఠమో, 1900లో రైళ్ళు నడవడం మొదలైన హేవలాక్ వంతెనో గుర్తుకు వస్తాయి. మా ఊరికి కలప చరిత్ర కూడా ఒకటుంది. దాని గురించి మనం అంతగా మాట్లాడుకోము. ఈ టపాలో నేను చెప్పదలచినది ఆ చరిత్రలోని ఒక చిన్న చెక్కముక్క సంగతి.

పాపికొండలు దాటి మైదానంలోకి దిగేవరకూ గోదావరికి ఇరువైపులా అడవే. ఆ అడవిలోని టేకు, మద్ది, వెదురు బండి మీద కంటె నీటి మీద సులువుగా దిగివచ్చేవి. బరువైన దుంగ ఒంటరిగా తేలదు గనుక వెదురు కట్టలతో జతచేసి, తెప్పలుగా కట్టి వదిలేవారు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టాకు కలప అవసరం ఇంకా పెరిగింది. కాలువలు వచ్చాయి, కాలువల మీద పడవలు వచ్చాయి, పంట పండిన చోట పెంకుటిళ్ళు లేచాయి. పడమటి కాలువలకు నీరు వదిలే విజ్జేశ్వరం కొవ్వూరుకు దిగువనే ఉంది. ఆ పల్లపు సీమలో తాడి, కొబ్బరి, మామిడి ఉన్నాయి గాని అడవి లేదు. మంచి ద్వారబంధం కావాలంటే దుంగ ఏటి ఎగువనుంచి రావలసిందే.

వచ్చిన దుంగను పలకలుగా కోయడం వేరే విద్య. నా చిన్నతనంలో కలప అడితి పక్కన ఆ కోత చూస్తూ గంటలు గడిపేవాడిని. దుంగను ఎత్తయిన కర్రల దన్ను మీదికి ఎక్కించి, మసిలో ముంచిన నూలుతాడు బిగలాగి వదిలితే నల్లని గీత పడేది. ఒకడు దుంగపై నిలబడి, ఒకడు కింద నిలబడి, నిలువు రంపాన్ని పైకీ కిందికీ లాగేవారు. పైవాడికి గీత తప్పకుండా చూసే బాధ్యత, కిందివాడికి కళ్ళనిండా పొట్టు. (ఆ రంపపు పొట్టే మా ఇళ్ళలో పొట్టు పొయ్యిలోకి చేరేది, ఎంత కూరి కొడితే అంతసేపు మండేది.)

మూరెడు కోత సాగగానే పైవాడు ఆగి, కోసిన సందులో ఒక చెక్క చీల పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేసేవాడు. మళ్ళీ కోత, మళ్ళీ చీలను ముందుకు జరపడం. ఎందుకని అడిగితే, "మాను ఊపిరి బిగపట్టి ఉంటుంది, కోస్తే వదులుతుంది, వదిలినప్పుడు రంపాన్ని పట్టేసుకుంటుంది" అన్నాడు. శాస్త్రం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. పెరిగే చెట్టు గాలికి వంగుతూ, తన బరువును తానే మోస్తూ లోపల ఒత్తిడిని దాచుకుంటుంది. ఎండడంలో హెచ్చుతగ్గులుంటే అది ఇంకా పెరుగుతుంది. కోత పడగానే రెండు సగాలూ విచ్చుకుంటాయి, లేదా మూసుకుంటాయి. చీల ఉన్నది ఆ మూసుకునే వేళ కోసమే.

చేతిరంపాన్ని మాను పట్టేస్తే నష్టమేమీ లేదు. రంపం ఆగుతుంది, కోతగాళ్ళు చెమట తుడుచుకుంటారు. చక్రరంపం అలా ఆగదు.

గుండ్రని రంపం ప్రస్తావన ఇంగ్లండులో సౌతాంప్టన్ వాసి సామ్యూల్ మిల్లర్ 1777లో పొందిన పేటెంటులో కనిపిస్తుంది. ఆవిరి యంత్రం దానిని మిల్లులోకి, విద్యుత్తు మోటారు దానిని వడ్రంగి బల్ల కిందికి తెచ్చాయి. మా వైపు తెప్పలు పోయి లారీలు వచ్చాయి. 1974లో రోడ్డు-రైలు వంతెన కట్టాక ఏరు దాటడం కూడా సులువైంది. కోతగాళ్ళ జంటలు సామిల్లు ముందు నిలువలేకపోయాయి.

పన్నెండంగుళాల రంపపు చక్రం నిమిషానికి 2800 చుట్లు తిరుగుతుందనుకుందాం. దాని పంటి వేగం గంటకు 160 కిలోమీటర్లు. కొవ్వూరు వంతెన మీద ఏ రైలూ ఆ వేగంతో పోదు. ముందువైపు పళ్ళు కిందికి దిగుతూ చెక్కను బల్లకేసి అదుముతాయి. వెనుకవైపు పళ్ళు పైకి లేస్తూ మనవైపే వస్తాయి. కోసిన సందు వెనుక మూసుకున్నా, చెక్క కాస్త పక్కకు తిరిగినా, ఆ వెనుక పళ్ళు దానిని ఎత్తి నెట్టేవాడి పొట్టకేసి కొడతాయి. అంతకంటె ఘోరమైనది మరొకటుంది. అంతవరకూ బలంగా నెడుతున్న చేతికి ఒక్కసారిగా ఆధారం పోతుంది. అది పోయి పడేది రంపం మీదే.

మా వీధిలో కుడిచేతికి రెండు వేళ్ళు లేని వడ్రంగి ఒకాయన ఉండేవాడు. వెనుకటి కోతగాడే. "ఎలా జరిగింది బాబాయ్?" అని ఒకసారి అడిగాను. "చేత్తో కోసినన్నాళ్ళూ చీల నేనే కొట్టేవాణ్ణి అబ్బాయ్. మిషను కొన్నాక ఇంక చీలతో పనేముందిలే అనుకున్నాను" అన్నాడు.

నిజానికి మిషనుకూ చీల ఉంది. రంపం వెనుక, దాని వంపును అనుసరించి నిలబెట్టే ఉక్కు రెక్క అది. కోత ఎంత వేగంగా సాగినా సందును మూసుకోనివ్వకుండా అక్కడే నిలుస్తుంది. బ్రిటనులో 1922 నాటి కొయ్యపని యంత్రాల నిబంధనలు దానిని తప్పనిసరి చేశాయి. మన దేశంలో 1948 కర్మాగారాల చట్టం 21వ సెక్షను ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె ఉండాలన్నది. ఆ చట్టం కింద చేసిన నియమాలు చక్రరంపానికి ఈ రెక్కనూ, చెక్కను నెట్టడానికి ఒక కర్రనూ విధించాయి. అయితే మోటారు నడిచే చోట పదిమంది పనివారుంటేనే అది కర్మాగారం. తండ్రీ, కొడుకూ, ఒక సహాయకుడూ ఉండే ద్వారబంధాల దుకాణం ఆ లెక్కలోకి రాదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి ఆ పదిని ఇరవై చేసింది. మరోవైపు సామిల్లుకు లైసెన్సు కావాలి, కలప ఎక్కడిదో లెక్క చూపాలి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత ఆ పట్టు మరింత బిగిసింది. అడవికి అది మేలే. కాని దుంగ మీద ఉన్నంత శ్రద్ధ దుంగను కోసే చేతి మీద లేదన్నది నా అభిప్రాయం.

అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే ఆయన 1999లో, చర్మం తగలగానే కొన్ని మిల్లీసెకన్లలో ఆగిపోయే రంపాన్ని కనిపెట్టాడు. ఒంటిలో విద్యుత్తు ప్రవహిస్తుందన్న గుణం మీద ఆధారపడి అది పనిచేస్తుంది. అద్భుతమే, సందేహం లేదు. అయితే పచ్చి కలపలోని తడిని కూడా అది వేలిగా పొరబడగలదు గనుక అలాంటి కోతకు ఆ రక్షణను ఆపివేయవలసి వస్తుంది. మా డెల్టాలో పచ్చి కలప కొత్తేమీ కాదు. పైగా ఆ రంపం వెల చిన్న దుకాణానికి అందేది కాదు.

ఉక్కు రెక్కకు అంత ఖర్చు లేదు. ఈనాటికీ ఇనుప స్టాండు, మోటారు, బెల్టు కలిపి స్థానికంగా కట్టించుకునే బల్లరంపాలకు నేను చూసినంతలో అది ఉండదు. మందమే దాని కీలకం. రంపపు రేకు కంటె కాస్త దళసరిగా, పళ్ళు కోసే సందు కంటె కాస్త పలుచగా ఉండాలి. సందు కంటె దళసరి అయితే చెక్క ముందుకు పోదు, రేకు కంటె పలుచనైతే ఉండీ ప్రయోజనం లేదు. పళ్ళ వెనుక వేలు దూరనంత దగ్గరగా, రంపంతో ఒకే వరుసలో బిగించాలి. రంపాన్ని ఎత్తినా దించినా ఆ ఎడం మారకూడదు. రంపం కూడా చెక్క పైకి పళ్ళు కాస్త కనిపించేంత లేస్తే చాలు. మనిషి రంపానికి ఎదురుగా గాక ఓ పక్కకు నిలబడాలి, చివరి జానెడు చెక్కను చేత్తో గాక కర్రతో నెట్టాలి, భుజాన తువ్వాలు గూటికి తగిలించి రావాలి. చేతికి తొడుగు వేసుకోవడం రక్షణ అనుకుంటారు గాని, పంటికి దాని అంచు చిక్కితే చేతిని లోపలికి లాగేది అదే.

ఆ వడ్రంగి తరువాతి రోజుల్లో పాత బద్దరంపం రేకు ముక్క ఒకటి కమ్మరి చేత సాన పట్టించి, తన మిషనుకు తానే రెక్క బిగించుకున్నాడు. అడిగినవాళ్ళకు దానిని చీల అనే చెప్పేవాడు.