రంప కొండల్లో బీరారు సొమ్ము: 1879 దండయాత్రలో హైదరాబాద్ కంటింజెంట్

1879 మార్చిలో గోదావరి జిల్లా రంప ప్రాంతంలో పితూరీ మొదలైంది. చిగురుపన్ను, కల్లు గుత్తలు, మన్సబ్‌దారు వసూళ్లు ముఠాదారులను, కొండ ప్రజలను తిరుగుబాటుకు పురికొల్పాయి. ఈ కారణాలు సుపరిచితాలే. అణచివేతకు కొండలెక్కిన సేనలో ఎవరున్నారు, వారి జీతం ఏ ఖజానా నుంచి వచ్చింది అన్నవీ అంతే ముఖ్యమైన ప్రశ్నలు.

మొదట పొరుగు జిల్లాల పోలీసులు వచ్చారు. వారు చాలకపోవడంతో మద్రాసు పదాతి దళాలను దించారు. చివరికి అవి ఆరు రెజిమెంట్లయ్యాయి. వాటికి తోడు రెండు సాపర్స్ అండ్ మైనర్స్ కంపెనీలు, ఒక అశ్విక దళం, హైదరాబాద్ కంటింజెంట్ పదాతి సైనికులు. పైఅధికారులు ఆంగ్లేయులు, సిపాయిలు భారతీయులు. మద్రాసు దళాల్లో తమిళులు, ముస్లింలతో పాటు తెలుగువారూ ఉండేవారు. ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అనే పేరు స్థిరపడింది కూడా తెలుగు దేశపు తొలి సిపాయిల వల్లనే. దట్టమైన అడవిలో గుర్రాల వల్ల ఎంత ప్రయోజనం కలిగిందన్నది సందేహాస్పదమే. మన్యపు జ్వరం మాత్రం ఏ దళాన్నీ విడిచిపెట్టలేదు.

ఈ కూర్పులో విచిత్రమైన భాగం కంటింజెంట్. 1800 నాటి సంధి ప్రకారం నిజాం యుద్ధకాలంలో 6,000 మంది పదాతులను, 9,000 మంది ఆశ్వికులను కంపెనీకి సమకూర్చాలి. రెసిడెంటు హెన్రీ రస్సెల్ ఈ షరతు ఆసరాగా ఆంగ్లేయాధికారుల కింద శాశ్వత సైన్యాన్ని నిలబెట్టాడు. జీతాల బకాయిలు పెరిగి, పామర్ కంపెనీ అప్పులు మీదపడి, చివరికి 1853లో బీరారు రాబడినే కంటింజెంట్ ఖర్చుకు అప్పగించాల్సి వచ్చింది. ఆ సంధి నిర్ణయించిన కనీస బలం 5,000 పదాతులు, 2,000 ఆశ్వికులు, నాలుగు ఫిరంగి బ్యాటరీలు. అప్పటి నుంచి అది నిజాం సైన్యంలో భాగం కాదు. ఖర్చు మాత్రం నిజాం రాజ్యానిది.

1879లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ బాలుడు. పాతనగరంలోని దివాన్ దేవిడీ నుంచి పాలన నడిపిన మొదటి సాలార్‌జంగ్ బీరారును తిరిగి రాబట్టాలని ఏళ్ల తరబడి ప్రయత్నిస్తూనే ఉన్నాడు. కంటింజెంట్‌పై అధికారం మాత్రం మూసీకి ఆవలి ఒడ్డున, కోఠీ రెసిడెన్సీలో ఉంది.

పితూరీ ఆ ఏడాదే భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. అక్కడ పోడుపై ఆంక్షలే ప్రధాన కారణం. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఆ ప్రాంతం 1860 వరకు నిజాందే. ఆ ఏటి సంధితో బ్రిటిష్ వారి చేతికి వెళ్లి, మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874లో మద్రాసులో చేరింది. అంటే నిజాం వదులుకున్న నేలమీద చెలరేగిన తిరుగుబాటును అణచిన బలగంలో, నిజాం వదులుకున్న బీరారు రాబడితో పోషించిన సిపాయిలూ ఉన్నారు.

1880 ఫిబ్రవరిలో ద్వారబంధాల చంద్రయ్య హతుడయ్యాడు. అదే ఏడాది తమ్మన్నదొర కూడా మరణించాడు. బీరారు హైదరాబాదుకు తిరిగి రాలేదు. 1902లో శాశ్వత కౌలు కింద బ్రిటిష్ వారికే దక్కింది. మరుసటి ఏడాది కంటింజెంట్ దళాలు భారత సైన్యంలో విలీనమయ్యాయి.