గవుల మట్టిలోని చరిత్ర

పాలకుర్తి కొండమీద సోమేశ్వరుడును లక్ష్మీనరసింహుడును గుహలలోనే వెలసియున్నారు. బసవపురాణమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథునికి జన్మస్థానమని ఆ యూరికి పేరు. మేమచటికి సకుటుంబముగ పోయినపుడు, వెంటనున్న యొక బాలిక "ఈ గుహ నెవరు తొలిచిరి?" అని యడిగినది. దైవకల్పితమని చెప్పి తప్పించుకొంటిమి. ఆ జవాబు మాకే తృప్తి నియ్యలేదు. అందుచే ఆ యేడే పిల్లలను వెంటబెట్టుకొని కర్నూలు సీమలోని సున్నపురాతి గుహలను చూడబోతిమి. అచటివారు గుహను గవి యందురు.

తెలంగాణపు కొండలు చాలవరకు గ్రానైటు శిలలు. వానిలో గుహ యనగా సాధారణముగ బండల నడిమి సందు, లేక బండ క్రింది చోటు. ఎఱ్ఱమల ప్రాంతపు సున్నపురాయి సంగతి వేఱు. వాననీరు గాలినుండియు మంటినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాతి నెఱ్ఱెలలో దిగి, రాతిని కరగించుకొనుచు పోవును. బహుకాలమునకు నెఱ్ఱె సొరంగమగును. ఆ నీరే కప్పునుండి బొట్టుబొట్టుగ జారునపుడు, కరిగిన సున్నమును మరల విడిచి, ఊడలవలె వ్రేలాడు శిలలను కట్టును.

బెలుము గవులను 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ దొర పేర్కొనెను. పిమ్మట నూరేండ్లు కావచ్చినను లోపలికి పోయి కొలిచినవారు లేరు. 1982, 1983 సంవత్సరములలో గెబావరు అను జర్మను దేశీయుడు తన బృందముతో కొలువగా, సొరంగముల పొడవు 3,229 మీటర్లని తేలెను. వీరే గవులను కనుగొనిరని కొందఱు వ్రాయుదురు, అది సరికాదు. ఊరివారికి గవి తెలియును. చెత్తను పారవోయుట కది యుపయోగపడుచుండెను గదా! ఆ నూరేండ్లలో చదువుకొన్న మనవారికే దానితో పని లేకపోయెను. 2002 నుండి దీపములతోను ఇనుప మెట్లతోను ప్రజలకది దర్శనీయమైనది. ఇన్ని మెట్లు దిగుట తమవల్ల కాదన్న మా పెద్దమ్మగారు అందఱికంటె ముందు పాతాళగంగను చేరిరి. అచట నేలమట్టమునకు సుమారు 150 అడుగుల లోతు. ఉక్కకు బట్టలు తడిసిపోయినవి. మార్గదర్శి కోటిలింగములను, పడగలను, మఱ్ఱి యూడలను చూపెనే గాని, పిల్లలడిగిన "ఇక్కడ ఎవరుండిరి?" అను ప్రశ్నకు నవ్వి యూరకుండెను.

దానికి జవాబు బేతంచెర్ల చెంతనున్న బిల్వస్వర్గపు గవులలో కొంత దొరకినది. 1844లో న్యూబోల్డు అను సేనాధికారి వానిని గూర్చి వ్రాసెను. ఆ వ్రాతను చూచి హక్స్‌లీ పండితుడు చెన్నపురి గవర్నరును ప్రేరేపింపగా, 1883, 1884లలో ఫుట్ దొరయు ఆయన కుమారుడును నేలను పొరపొరగ త్రవ్వించిరి. అసంఖ్యాకములుగ ఎముకలు బయల్పడెను. వానిని పరీక్షించిన లిడెక్కరు ఒక ఖడ్గమృగ జాతికి కర్నూలు పేరే పెట్టెను. నేడు ఆఫ్రికాలో మాత్రమే తిరుగు చుక్కల దుమ్ములగొండి ఒకప్పు డీ సీమలో సంచరించెనట! పిమ్మట 1970 తరువాతి దశకమున ఎం. ఎల్. కె. మూర్తిగారు ముచ్చట్ల చింతమాను గవిని త్రవ్వి, ఎముక పనిముట్లతోబాటు ఒక పొయ్యిని గుర్తించిరి. కాలిన మంటిని పరీక్షింపగా అది సుమారు 17,000 ఏండ్ల నాటిదని తేలినది.

ఇదంతయు కాలిక్రింది మట్టిలోనిదే. మనము కప్పువంక చూచి సంతోషింతుము. నిధులకని ఆ మట్టిని పెల్లగించువారిని, గోడలపై పేరులు చెక్కువారిని చూచియు చూడనట్లు పోవుదుము. ఒకమారు కలగిన పొరలను మరల పేర్చగల పండితుడు లేడు. మార్గదర్శికి ఈ నాలుగు మాటలు నేర్పుట కేమంత వ్యయమగును?

తిరుగు ప్రయాణమున ఆ బాలిక, పొయ్యి రాజేసినవా రేమి వండుకొనిరని యడిగినది. ఆ ప్రాంతపు గవులలో మనుబోతుల యెముకలు, జింకల యెముకలు దొరకినవని చెప్పితిమి. వారికి ఉప్పుండెనా యని వెంటనే మఱియొక ప్రశ్న.