పొట్టలో నీళ్ల నుంచి కాలేయం దాకా

కడుపులో ఎడమ పక్క గట్టిగా ఏదైనా తగిలితే పల్లెల్లో పెద్దవాళ్లు ‘బల్ల పెరిగింది’ అనేవారు. వాళ్ల చేతికి తగిలేది ప్లీహం. మలేరియాలో అది పెరుగుతుంది. కాలేయం గట్టిపడినా పెరుగుతుంది. రెండో సందర్భంలో అసలు దోషి కుడి పక్కటెముకల చాటున చప్పుడు చేయకుండా కూర్చుని ఉంటుంది. కాలేయం ఇలా గట్టిపడే సిర్రోసిస్ జబ్బు చరిత్ర పొడవునా ఇదే వరస. ఉపద్రవాలు ముందు కంటబడ్డాయి, వాటికే జబ్బుల పేర్లు పెట్టారు. కాలేయం వంతు చివర్న వచ్చింది.

చరకసంహిత ఉదర రోగాలను ఎనిమిదిగా లెక్కగట్టింది. పొట్టలో నీరు చేరే జలోదరం అందులో ఒకటి, ప్లీహం పెరిగే ప్లీహోదరం ఇంకొకటి. యకృత్తు, అంటే కాలేయం, వాపును ఈ ప్లీహోదరంలోనే కలిపేశారు, దానికి వేరే పీట వేయలేదు. పొట్టలో నీళ్లు తీసే పద్ధతిని సుశ్రుతుడు చెప్పాడు. బొడ్డుకు దిగువన, ఎడమ పక్క నాలుగు వేళ్ల దూరంలో, వడ్లగింజ మొనలాంటి వ్రీహిముఖం అనే పరికరంతో పొడిచి గొట్టం పెట్టాలి. నీళ్లన్నీ ఒక్క రోజే తీయకూడదు. తీశాక పొట్టకు గుడ్డ బిగించి కట్టాలి. ఇవాళ్టి ఆసుపత్రిలోనూ సూది ఎక్కువగా దిగేది పొట్ట ఎడమ దిగువ భాగంలోనే. అయిదు లీటర్లకు మించి తీస్తే, తీసిన ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కిస్తారు. లేకపోతే రక్తప్రసరణ కుదేలై కిడ్నీలు దెబ్బతింటాయి. ‘ఒక్క రోజే తీయొద్దు’ అన్నవాడికి ఆల్బుమిన్ సంగతి తెలియదు, నీళ్లు గబగబా తీస్తే మనిషి ఏమవుతాడో మాత్రం తెలిసే ఉంటుంది.

క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఎరాసిస్ట్రాటస్‌కు ఈ నీళ్లు తీయడమే నచ్చలేదు. జబ్బు కాలేయంలో ఉంటే పొట్ట ఖాళీ చేసి ఏం లాభం అన్నది అతని వాదన. నిజమే. కానీ కాలేయాన్ని బాగుచేసే ఉపాయం అప్పుడు అతని దగ్గరా లేదు, ఎవరి దగ్గరా లేదు. దాంతో మరో రెండు వేల ఏళ్ల పాటు పొడుస్తూనే ఉన్నారు.

అలా పొడిపించుకున్నవాళ్లలో సంగీతకారుడు బీథోవెన్ ఒకడు. 1826 డిసెంబరు నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా వియన్నాలో అతని పొట్ట నుంచి నాలుగుసార్లు నీళ్లు తీశారు. మొదటిసారి నీళ్లు ఎగజిమ్మినప్పుడు, బైబిల్లో కర్రతో బండను కొట్టి నీళ్లు తెప్పించిన మోషేలా ఉన్నావని సర్జన్‌తో హాస్యమాడాడని అతని వైద్యుడు వావ్రుఖ్ రాసిపెట్టాడు. 1827 మార్చి 26న బీథోవెన్ చనిపోయాడు. శవపరీక్ష చేసిన యోహాన్ వాగ్నర్‌కు కనిపించిన కాలేయం సగానికి సగం కుంచించుకుపోయి ఉంది. తోలులా గట్టిపడి, నీలి ఆకుపచ్చ రంగుకు తిరిగింది. దాని నిండా చిక్కుడు గింజంత బొడిపెలు. ప్లీహం రెండింతలైంది. అతని జుట్టులోని డీఎన్ఏను 2023లో పరీక్షిస్తే కాలేయ జబ్బుకు తోవతీసే జన్యువులూ హెపటైటిస్-బి వైరస్ ఆనవాళ్లూ దొరికాయి. తాగుడు ఒక్కటే కారణమనే పాత తీర్పు అక్కడ కొంత సడలింది.

బీథోవెన్ పోవడానికి ఎనిమిదేళ్ల ముందే ఈ జబ్బుకు పేరు వచ్చింది. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లో ఛాతీ జబ్బుల గురించి పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఓ పాదసూచికలో, కాలేయంలో కనిపించిన బొడిపెల రంగును బట్టి ‘సిర్రోస్’ అన్నాడు. గ్రీకులో కిర్రోస్ అంటే ముదురు పసుపు. ఆ బొడిపెలు కొత్తగా మొలిచిన ఒక రకం గడ్డలని అతను అనుకున్నాడు, అది తప్పు. రంగూ అందరిలో ఒకటి కాదు, బీథోవెన్ కాలేయమే సాక్షి. ఛాతీ పుస్తకంలో, పేజీ అడుగున, పొరపాటు ఊహ మీద పుట్టిన పేరే చివరికి నిలబడింది.

అసలు జరిగేది మచ్చ కట్టడం. వైరస్, మద్యం, కొవ్వు, ఏది కాలేయాన్ని ఏళ్ల తరబడి గాయపరిచినా మానిన చోటల్లా నారలాంటి కణజాలం పేరుకుంటుంది. పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. తూము పూడిన చెరువును తలుచుకోండి. వెనక్కి తన్నిన రక్తం ప్లీహాన్ని ఉబ్బిస్తుంది. అన్నవాహిక అడుగున సిరలు తేలి, పగిలితే రక్తపు వాంతి. పొట్టలోకి నీరు ఊరుతుంది. కాలేయం వడకట్టాల్సిన అమోనియా లాంటివి మెదడుకు చేరి మనిషి మతి తప్పుతాడు. పోర్టల్ రక్తాన్ని కాలేయం తప్పించి మళ్లించిన కుక్కలకు మాంసం పెడితే తిక్కతిక్కగా ప్రవర్తిస్తున్నాయని 1893లోనే రష్యాలో పావ్లోవ్ బృందం చూపింది. చేతులు చాపి మణికట్టు పైకెత్తమని ఇప్పటికీ డాక్టర్లు అడిగేది ఈ మతి తప్పడాన్ని పసిగట్టడానికే. అరచేతులు రెక్కల్లా టపటపా పడిపోతే అనుమానం బలపడుతుంది.

బతికున్న మనిషి కాలేయాన్ని చూడటానికి సూదే చాలాకాలం దిక్కు. 1958లో ఇటలీ వైద్యుడు మెంఘినీ ఒక్క సెకనులో ముక్క తీసే సూదిని ప్రకటించాక బయాప్సీ మామూలైంది. అయినా ఆ ముక్క మొత్తం కాలేయంలో యాభై వేల వంతు మాత్రమే. 2003లో ఫ్రాన్సు నుంచి ఫైబ్రోస్కాన్ అనే యంత్రం వచ్చింది. చర్మం మీద చిన్నగా తట్టి, ఆ అల కాలేయంలో ఎంత వేగంగా పోతుందో కొలుస్తుంది. గట్టిదనం ఎంత ఉంటే వేగం అంత. మామూలు కాలేయం 5 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది, 12.5 దాటితే సాధారణంగా సిర్రోసిస్‌ను అనుమానిస్తారు. ఇంతకన్నా చవకైన సూచన ప్లేట్‌లెట్ల లెక్క. మనవాళ్లకు ప్లేట్‌లెట్లు అనగానే డెంగీయే గుర్తొస్తుంది. జ్వరం లేకుండా లక్షన్నర కిందికి జారితే ఒకసారి కాలేయం వైపు చూడాలి, ఎందుకంటే ఉబ్బిన ప్లీహం వాటిని తనలో పట్టి ఉంచుతుంది. పల్లె పెద్దలు చేత్తో తడిమిన బల్లే ఇక్కడ అంకెగా కనిపిస్తోంది. కాలేయ ఎంజైముల పరీక్షలు మాత్రం సిర్రోసిస్‌లోనూ మామూలుగా వచ్చి మోసగించగలవు.

ఒకప్పుడు మన దేశంలో పసిపిల్లలకే ఒక రకం సిర్రోసిస్ వచ్చేది. ఏడాది, రెండేళ్ల వయసులో పొట్ట ఉబ్బి, కాలేయం అంచు ఆకులా పలచగా, గట్టిగా వేళ్లకు తగిలేది. కామెర్లు, నీరు, ఆ తర్వాత మరణం. మద్రాసు జమ్మి వారి లివర్‌క్యూర్ మందు సీసా తెలుగు ఇళ్లలో తిరిగిన కాలం అది. అలాంటి పిల్లల కాలేయాల్లో రాగి విపరీతంగా పేరుకుందని తర్వాత తేలింది. 1970ల చివర, 80లలో పుణె వైద్యులూ బ్రిటిష్ వైద్యుడు టానరూ పాలు కాచే ఇత్తడి గిన్నెల వైపు వేలు చూపారు. కళాయి లేని గిన్నెలో కాచి నిలవ ఉంచిన పాలు రాగిని లాక్కుంటాయి. ఆస్ట్రియాలోని టిరోల్ లోయల్లోనూ రాగి పాత్రల్లో పాలు కాచిన పల్లెల్లో ఇలాంటి జబ్బే కనిపించింది. ఇప్పుడు మన దగ్గర ఆ పిల్లలు దాదాపు కనిపించరు. ఇత్తడి అటకెక్కి స్టీలు వచ్చింది. స్టీలు గిన్నెలు కొన్న అమ్మలెవరూ కాలేయం గురించి ఆలోచించి కొన్నవారు కాదు, తోమడం తేలికని కొన్నారు.