దీపా ధన్‌రాజ్ సినిమాలు, కోనసీమ నుంచి

కోనసీమకు కెమెరా కొత్త కాదు. కొబ్బరి తోటల కోసం, లంకల కోసం, గోదావరి పాయల కోసం సినిమావాళ్లు అమలాపురం, రాజోలు వైపు వస్తూనే ఉంటారు. ఆ తోటల్లో బతికే మనుషుల మాట వినడానికి వచ్చే కెమెరా మాత్రం అరుదు. తెలుగు నేల మీద అలా విన్న కెమెరాల చరిత్ర రాయాలంటే డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్‌ను వదిలి రాయలేం.

1953లో హైదరాబాద్‌లో పుట్టిన ఆమె, 1980లో అభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్‌లతో కలిసి ‘యుగాంతర్’ బృందాన్ని ఏర్పరిచారు. పుణెలో ఇళ్లలో పనిచేసే స్త్రీల మీద, నిపాణి పొగాకు కార్మికుల మీద, చిప్కో ఉద్యమ స్త్రీ మీద ఒక్కో చిత్రం తీశారు. మరొకటి తెలుగులో వచ్చిన ‘ఇది కథ మాత్రమేనా’ (1983). ఇంట్లో భార్య పడే హింస ఇతివృత్తం. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు కూర్చుని చర్చించుకుని, ఆ చర్చల్లోంచే సన్నివేశాలు అల్లుకుని, తామే నటించారు. భర్త క్రూరత్వాన్ని నేరంగా గుర్తించే 498ఎ సెక్షన్ శిక్షాస్మృతిలోకి వచ్చింది కూడా ఆ ఏడాది చివరనే. అప్పటిదాకా గడప దాటని మాటను ఆ స్త్రీలు తెర మీదికి తెచ్చారు. నా దృష్టిలో ఆమె పనిలో అన్నిటికన్నా సాహసం ఇదే.

‘క్యా హువా ఇస్ షహర్ కో?’ (1986) ఇంకో తోవ. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కూలి తిరిగి నిలబడిన రోజుల్లోనే హైదరాబాద్ పాతబస్తీ మత ఘర్షణలతో అట్టుడికింది. ఊరేగింపులు, నాయకుల ఉపన్యాసాలు, కర్ఫ్యూలో కూలి పోయిన కుటుంబాలు, అన్నిటినీ ఆ చిత్రం పక్కపక్కన పెడుతుంది. అల్లర్లు ఉన్నట్టుండి పుట్టవనీ, వాటి వెనుక రాజకీయం ఉంటుందనీ ఓపిగ్గా చూపిస్తుంది. మన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై 2022 మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబడ్డాయి. అక్కడ మతం, ఇక్కడ కులం; సందర్భాలు వేరు. అయినా ఈ ఊరికి ఏమైంది అన్న ఆ పేరులోని ప్రశ్న మన వీధుల్లోనూ అడగాల్సిందే. ఆ చిత్రాన్ని అమలాపురంలోనూ, కొత్తపేటలోనూ నలుగురూ కూర్చుని చూడాలని నా కోరిక.

కుటుంబ నియంత్రణ పేరిట స్త్రీల శరీరాల మీద సాగిన ఒత్తిడిని ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ (1991) ప్రపంచానికి చూపింది. తమిళనాడు ముస్లిం స్త్రీల జమాత్ మీద ‘ఇన్వోకింగ్ జస్టిస్’ 2011లో వచ్చింది. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించాక ఎగసిన విద్యార్థి ఉద్యమం ఆమెను మళ్లీ సొంత నగరానికి రప్పించింది. 2018 నాటి ‘వుయ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’లో చదువుకోవడానికి వచ్చిన దళిత విద్యార్థులు తమ కథను తామే చెప్పుకుంటారు.