తుక్కుకు పోతున్న బండ్ల చరిత్ర

1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి తుక్కు కాకుండా నేటికీ ఆర్టీసీ దగ్గర ఉంది. ప్రయాణికుల బండికి దక్కిన ఆ గౌరవం సరుకు బండికీ దక్కాలి. ఎందుకంటే నాగర్‌కర్నూల్, గద్వాల, వనపర్తి సీమలో సరుకు భారమంతా దానిదే. నాగర్‌కర్నూల్ పట్టణానికి నేటికీ రైలు లేదు. గద్వాల పత్తి విత్తనం, వనపర్తి వేరుశనగ పొలం నుంచి కదలాలంటే ఎద్దుల బండి తర్వాత లారీ, పికప్పే దిక్కు. బరువుకు ఆగక అదనంగా వేయించిన కమాన్ పట్టీ, బస్తాల రాపిడికి అరిగిన తొట్టి అంచు ఈ సీమ వ్యవసాయ చరిత్రకు సాక్ష్యాలే.

చట్టం మాత్రం ఈ సరుకు బండ్లను చూడలేదు. 2021 నాటి వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు ద్విచక్ర వాహనాలకు, కార్లకే వర్తిస్తాయి; జీవితమంతా బరువు మోసిన పికప్పుకు అందులో చోటు లేదు. పాత ఇంజన్లు పొగ కక్కుతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ కాపాడడమంటే రోడ్డెక్కించడం కాదు. వందల్లో ఒక్కటి, ఇంజన్ ఆపి నిలబెడితే చాలు. స్థలం ఎక్కడిదంటారా? వనపర్తి రాజమహల్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాల కోటలో డిగ్రీ కళాశాల ఉంది. రాజుల కట్టడాలు చదువులకు పనికొచ్చి నిలిచాయి. అదే పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఒక పాత పికప్పును విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించడం మెకానికల్ విద్యార్థులకు మంచి పాఠమవుతుంది.